మొక్కజొన్న ఆకులో కార్బన్ రెండుసార్లు స్థాపితమైతే మొక్కకి రెండింతలు దక్కుతుందా?

ఇంటర్ సెకండియర్ బోటనీ చదివే చాలామందికి వచ్చే సందేహమే మీరు అడిగారు. రెండింతలు దక్కదు. ఆకు పై, కింది పొరల మధ్య ఉండే పత్రాంతర కణంలో పట్టిన కార్బన్‌నే మొక్క లోపలికి మోసుకెళ్లి, అక్కడ వదిలి, మళ్లీ పట్టుకుంటుంది. లెక్కలోకి వచ్చేది ఆ రెండో పట్టు మాత్రమే.

పత్రరంధ్రం గుండా వచ్చిన కార్బన్ డయాక్సైడ్ ముందు బైకార్బనేట్ అవుతుంది. పెప్ కార్బాక్సిలేజ్ అనే ఎంజైము దాన్ని మూడు కార్బన్ల పెప్‌కి (ఫాస్ఫోఈనాల్ పైరువిక్ ఆమ్లం) కలిపి నాలుగు కార్బన్ల ఆక్సలోఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. ఈ ఎంజైము ఆక్సిజన్ జోలికి పోదు. రెండో పట్టు పట్టే ఎంజైము రుబిస్కో మాత్రం ఆక్సిజన్‌నీ పట్టుకుంటుంది, ఎండ ముదిరేకొద్దీ మరీ ఎక్కువ. మే నెలలో హైదరాబాద్ చుట్టుపక్కల నేరుగా రుబిస్కోతోనే కార్బన్ పట్టే వరి ఆకు నష్టపోయేది అక్కడే. ఆ ఆమ్లం చాలావరకు మాలిక్ ఆమ్లంగా మారి, సన్నని జీవద్రవ్య బంధాల గుండా ఈనె చుట్టూ ఉన్న తొడుగు కణాల్లోకి చేరుతుంది. అక్కడ ఒక కార్బన్ ఊడి రుబిస్కోకి అందుతుంది. మిగిలిన పైరువిక్ ఆమ్లం వెనక్కి వచ్చి పెప్‌గా మారుతుంది. ఆ మార్పుకి రెండు ఏటీపీల (కణంలో శక్తిని అందించే అణువులు) ఖర్చు. అందుకే ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కి వరి లాంటి మొక్కల సి3 దారిలో 3 ఏటీపీలు సరిపోతే మొక్కజొన్నకి 5 కావాలి. 1966లో హ్యాచ్, స్లాక్ అనే శాస్త్రవేత్తలు చెరకు ఆకుల్లో తేల్చిన దారి ఇదే.

గైడ్ల బొమ్మల్లో తరచూ వదిలేసే ముక్క ఒకటుంది, నా దృష్టిలో అసలు కీలకం అదే. మొక్కజొన్న తొడుగు కణాల హరితరేణువుల్లో గ్రానా (పొరల దొంతరలు) దాదాపు ఉండవు, నీటిని చీల్చే రెండో కాంతి వ్యవస్థ చాలా తక్కువ. కాబట్టి ఆక్సిజన్ పెద్దగా పుట్టదు, రుబిస్కోకి అది మేలు. కానీ క్షయకరణానికి ఎలక్ట్రాన్లు అందించే ఎన్ఏడీపీహెచ్ కొరత పడుతుంది. మాలిక్ ఆమ్లం తనతో ఒకటి తెస్తుంది, ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కి కావాల్సింది రెండు. అందుకని రుబిస్కో చేసిన ఫాస్ఫోగ్లిసరిక్ ఆమ్లంలో సుమారు సగం పత్రాంతర కణాలకి వెళ్లి అక్కడ క్షయకరణం చెందుతుంది. సుక్రోజ్ ఎక్కువగా పత్రాంతర కణాల్లో తయారవుతుంది, పిండిపదార్థం తొడుగు కణాల్లో పేరుకుంటుంది.

ఆ పిండిపదార్థాన్ని కంటితో చూడొచ్చు. బాగా ఎండ తగిలిన ఆకుని మధ్యాహ్నం మూడింటికి కోయండి. రాజేంద్రనగర్ వైపు పొలంలోదైనా, కుండీలో పెంచినదైనా సరే. రెండు సెంటీమీటర్ల ముక్కలు చేసి, రెండు నిమిషాలు నీళ్లలో మరిగించి, ఆల్కహాల్‌లో వేసి వేడినీటి గిన్నెలో పెట్టండి. ఆల్కహాల్ అంటుకుంటుంది కనుక నేరుగా మంట మీద పెట్టొద్దు. ముక్కలు పూర్తిగా పాలిపోయాక వేడినీటిలో జాడించి అయోడిన్ వేస్తే, భూతద్దంలో ఈనెల వెంట నల్లని గీతలు, మధ్యలో లేత చారలు కనిపిస్తాయి. పక్కనే చిక్కుడు ఆకు ముక్కకీ ఇలాగే చేస్తే పత్రదళమంతా నల్లబడుతుంది. మొక్కజొన్న ముక్క కూడా అంతటా ముదురు ఆకుపచ్చగా ఉందంటే పత్రహరితం పూర్తిగా దిగలేదు, కొత్త ఆల్కహాల్ పోసి మళ్లీ ఉంచండి. గీతలే రాకపోతే ఆకుని పొద్దున్నే కోసి ఉంటారు. రాత్రికి రాత్రే పిండిపదార్థం కరిగి ఈనెల్లోకి వెళ్లిపోతుంది.