లాస్ ఏంజెలెస్ టీవీ స్టేషన్లలో మెక్సికన్-అమెరికన్ ప్రొడ్యూసర్లు మొదట్లో చేసిన పనులు ఎలా ఉండేవి?

ప్రశ్న ఇది. ఒక మెక్సికన్-అమెరికన్ టీవీ ప్రొడ్యూసర్ తన తొలి ఉద్యోగాల గురించి చెబుతూ "ఫిల్మ్ లోడ్ చేశాను, టేపులు లాగ్ చేశాను, స్పానిష్ అనువాదాలు చేశాను" అన్నారట. అవి ఎలాంటి పనులు, వాటితో ప్రొడ్యూసర్ ఎలా అవుతారు అని అడిగారు.

ఆ మూడు పనుల్లోనూ చేతికి పట్టుబడేది టైమ్ లెక్క. ప్రొడ్యూసర్ చేసేదీ అదే, ఇంకాస్త పెద్ద ఎత్తున. అరగంట స్లాట్ ఇస్తే సెకను మిగలకుండా, సెకను చాలకపోకుండా నింపాలి. ఈ లెక్క వేళ్ల మీదకి రాకపోతే ఎంత గొప్ప ఐడియాలున్నా స్టేషన్‌లో పని నడవదు.

ముందు ఆ కాలం గురించి కొంచెం. లాస్ ఏంజెలెస్ స్పానిష్ చానెల్ కేఎంఈఎక్స్ 1962లో 34వ నంబరు మీద మొదలైంది. అది యూహెచ్ఎఫ్, అంటే మామూలు చానెళ్ల కన్నా పై ఫ్రీక్వెన్సీల్లో వచ్చేది. 1964కి ముందు కొన్న చాలా సెట్లలో యూహెచ్ఎఫ్ ట్యూనర్ ఉండేది కాదు, కన్వర్టర్ డబ్బా విడిగా కొనుక్కోవాల్సి వచ్చేది. ఇంగ్లిష్ స్టేషన్లలో కెమెరా వెనక పనులకి మెక్సికన్-అమెరికన్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో రావడం 1968 తర్వాతి మాట. ఆ ఏడాది మార్చిలో ఈస్ట్ లాస్ ఏంజెలెస్ హైస్కూలు పిల్లలు నిరసనగా క్లాసులు వదిలి రోడ్ల మీదకొచ్చారు. 1969లో, ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని స్టేషన్లకి అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన పెట్టింది. మెక్సికన్-అమెరికన్ దర్శకుడు హెసూస్ సాల్వడోర్ ట్రెవిన్యో వచ్చిన దారి ఇదే. ఆ వాకౌట్లని సూపర్ 8 అనే చిన్న సినిమా కెమెరాతో తీశారు, మైనారిటీ యువతకి సినిమా పని నేర్పే ఒక శిక్షణలో చేరారు, తర్వాత పబ్లిక్ స్టేషన్ కేసీఈటీలో చికానో (మెక్సికన్-అమెరికన్) కార్యక్రమాలు చేశారు. 1970 ఆగస్టు 29న కేఎంఈఎక్స్ న్యూస్ డైరెక్టర్ రూబెన్ సలజార్, నిరసన ఊరేగింపు వార్త కోసం వెళ్లిన రోజే, షెరిఫ్ డిప్యూటీ పేల్చిన టియర్ గ్యాస్ గుండు తగిలి చనిపోయారు. ఆ రోజుల్లో ఫిల్మ్ డబ్బాలు మోసిన కుర్రాళ్లు ఏ బరువు మోస్తున్నారో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది.

ఇక పనుల్లోకి వస్తాను. సూపర్ 8 కార్ట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్మ్ ఉంటుంది. సెకనుకి 18 ఫ్రేములైతే 3 నిమిషాల 20 సెకన్లు, 24 అయితే రెండున్నర నిమిషాలు. మూడు కార్ట్రిడ్జ్‌లు జేబులో వేసుకుని బయల్దేరితే ఆ రోజంతటికీ చేతిలో ఉన్నది పది నిమిషాలు. ఎప్పుడు బటన్ నొక్కకూడదో ముందు నేర్చుకుంటారు.

స్టేషన్‌కి వచ్చాక న్యూసంతా 16 ఎంఎం. నిమిషానికి 36 అడుగులు తింటుంది, కాబట్టి 400 అడుగుల రోలు 11 నిమిషాలు నడుస్తుంది. మన వైపు 35 ఎంఎంలో పనిచేసిన అసిస్టెంట్ కెమెరామన్లకి 400 అడుగులంటే నాలుగున్నర నిమిషాలే గుర్తొస్తాయి. ఇక్కడ ఫ్రేము చిన్నది గనక అదే పొడవు రెండున్నర రెట్లు వస్తుంది.

ఫిల్మ్‌కి వెలుతురు తగలకూడదు కాబట్టి లోడింగ్ చేంజింగ్ బ్యాగ్‌లో చేస్తారు. రెండు పొరల నల్లగుడ్డ సంచి, దానికి రెండు జిప్పులు, చేతులు దూర్చడానికి ఎలాస్టిక్ ఉన్న రెండు గొట్టాలు. ముందు మ్యాగజైన్, అంటే కెమెరాకి తగిలించే ఫిల్మ్ పెట్టె, లోపల బ్లోయర్‌తోనూ బ్రష్‌తోనూ శుభ్రం చేయాలి. ఒక్క పోగు గేటులోకి, అంటే ఫిల్మ్ మీద బొమ్మ పడే కంతలోకి, వచ్చి ఇరుక్కుందంటే ఆ రోలంతా తెర అంచున వెంట్రుకలా ఊగుతూనే ఉంటుంది. చేతికి రేడియం ముళ్ల వాచీ ఉంటే తీసేయాలి. మ్యాగజైన్, సీలు విప్పని డబ్బా లోపల పెట్టి, రెండు జిప్పులూ పూర్తిగా వేశాకే చేతులు దూర్చాలి. డబ్బా చుట్టూ ఉన్న టేపు నెమ్మదిగా విప్పాలి. పొడిగాలిలో సర్రున లాగితే స్టాటిక్ రవ్వ పుట్టి ఫిల్మ్ మీద మచ్చ పడుతుంది. నల్ల కవరులోంచి రోలు తీసి కుదురు మీద కూర్చోబెట్టి, కొసని లైట్ ట్రాప్ అనే, వెలుతురు రానివ్వని సందులోంచి బయటికి పంపి, మూత వేసి, గొళ్లెం పడిందో లేదో వేలితో తడిమి చూడాలి. ఎండలో సంచి లోపల చేతులు చెమట పడతాయి, తడి వేళ్లు ఎమల్షన్‌కి (ఫిల్మ్ మీది రసాయన పూతకి) తగిలితే ముద్ర ఉండిపోతుంది. అందుకే ఫిల్మ్‌ని అంచులతోనే పట్టుకోవాలి. బయటికి తీశాక మ్యాగజైన్ మీద టేపు అంటించి రోలు నంబరు, తేదీ, ఎమల్షన్ నంబరు రాయాలి. ఖాళీ డబ్బా, నల్ల కవరు దాచాలి, షూట్ చేసిన ఫిల్మ్ మళ్లీ వాటిలోకే వెళ్తుంది. ఆ డబ్బా మీద "ఎక్స్‌పోజ్డ్" అని రాయడం మరిచారా, సాయంత్రం ఇంకొకరు కొత్త రోలనుకుని లోడ్ చేస్తారు. రెండు వార్తలూ ఒకదాని మీద ఒకటి పడి రెండూ పోతాయి.

ఈ పనులన్నిటిలోకీ నాకు ముఖ్యంగా కనిపించేది ఎడిటింగ్ బల్ల దగ్గరి 28 ఫ్రేముల తేడా. న్యూస్ కెమెరాల్లో శబ్దం ఫిల్మ్ అంచున ఉన్న మ్యాగ్నెటిక్ పట్టీ మీదే రికార్డయ్యేది. శబ్దం రికార్డు చేసే హెడ్ గేటు దగ్గర పట్టదు, కిందగా ఉంటుంది. అందుకని ఏ ఫ్రేముకి సంబంధించిన శబ్దమైనా దానికన్నా 28 ఫ్రేముల ముందు పడుతుంది. అంటే సెకను కన్నా కొంచెం ఎక్కువ. మనిషి నోరు తెరిచిన ఫ్రేము దగ్గర కోస్తే మొదటి రెండు మూడు మాటలు వెనక ముక్కలో ఉండిపోతాయి. శబ్దం చూసి కోస్తే మాట వినపడకముందే సెకను పాటు పెదాలు ఊరికే కదులుతాయి. దీనికి మందు రెండు చోట్ల ఉంది. స్టూడియోలో అయితే రెండో ప్రొజెక్టర్ మీద వేరే దృశ్యం నడిపి ఆ సెకనుని కప్పేస్తారు. ఫీల్డ్‌లో అయితే ప్రశ్న అడిగాక రిపోర్టర్ నోరు మూసుకుని, ఎదుటి మనిషిని కూడా ఒక్క క్షణం ఆగి జవాబు మొదలుపెట్టమంటాడు. ఆ మౌనంలోనే కోత పడుతుంది. ఎడిటింగ్ బల్ల దగ్గర ఆరు నెలలు కూర్చున్నవాళ్లు తర్వాత ఫీల్డ్‌కి వెళ్లినప్పుడు ఇంటర్వ్యూలు ఎందుకంత శుభ్రంగా చేసేవారో ఇప్పుడు తెలిసే ఉంటుంది.

అనువాదం సంగతి వేరు. అది ఎవరి ఉద్యోగ వివరాల్లోనూ రాసి ఉండదు. స్పానిష్ వచ్చిన కుర్రాడు గదిలో ఉంటే చాలు, అతని నెత్తిన పడుతుంది. ఇంగ్లిష్ వాక్యం స్పానిష్‌లోకి వచ్చేసరికి సుమారు అయిదో వంతు పెరుగుతుంది. పది సెకన్ల బొమ్మకి పన్నెండు సెకన్ల మాటలు తయారవుతాయి. మాట కోయాలి, అర్థం కోయకూడదు. ఇటు స్పానిష్ మాట్లాడిన మనిషి మీద ఇంగ్లిష్ వాయిస్ ఓవర్ వేసేటప్పుడు, మొదటి రెండు సెకన్లు ఆయన గొంతు పూర్తిగా వినిపించి తర్వాత తగ్గించాలి. చివర్లో మళ్లీ పైకి తేవాలి. మొదటినుంచీ తొక్కేస్తే చూసేవాళ్లకి ఆ మనిషి గొంతే తెలియదు. అది మర్యాద కాదు.

పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. హువాన్ హెర్నాండెజ్ టోర్రెస్ అనే పేరు వచ్చిందనుకోండి. హెర్నాండెజ్ తండ్రి ఇంటిపేరు, టోర్రెస్ తల్లిది. ఇంగ్లిష్ డెస్కు చివరి మాట పట్టుకుని "మిస్టర్ టోర్రెస్" అని రాసేస్తుంది. ఇంటిపేరు ముందు రాసుకుని అమెరికా ఫారాల్లో తిప్పలు పడిన తెలుగువాళ్లకి దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇక "న్య" పలికే అక్షరం (ñ) మీద ఉండే వంకర గీత. అది లేకుండా తెర మీద వేస్తే "సంవత్సరం" అనే మాట (año) మలద్వారం అనే మాటవుతుంది. గీత వేసే వీలు లేకపోతే ఆ మాటే రాకుండా వాక్యం మార్చేయడం ఒక్కటే దారి.

లాగింగ్ అంటే టేపు మొత్తం చూసి ఏ టైమ్ కోడ్ (ప్రతి ఫ్రేముకీ పడే గంట, నిమిషం, సెకను, ఫ్రేము నంబరు) దగ్గర ఎవరేం అన్నారో రాయడం. ఇక్కడ మన ఎడిటర్లు పొరపడే చోటు ఒకటుంది. మన దేశపు టీవీ ప్రసారాల్లో సెకనుకి 25 ఫ్రేములు, లెక్క సరిగ్గా సరిపోతుంది. అమెరికాలో 29.97, కానీ నంబర్లు మాత్రం సెకనుకి 30 చొప్పున పడతాయి. ఆ కొరత సర్దడానికి డ్రాప్ ఫ్రేమ్ పద్ధతిలో ప్రతి నిమిషానికీ రెండు ఫ్రేము నంబర్లు వదిలేస్తారు, ప్రతి పదో నిమిషానికీ మాత్రం వదలరు. పోయేవి నంబర్లే, బొమ్మ ఎక్కడికీ పోదు. డ్రాప్ చేయని కోడ్‌తో గంట లెక్కగడితే అసలు గడియారంతో 3.6 సెకన్లు తేడా వస్తుంది. ప్రసారంలో అది చాలా ఎక్కువ. కాబట్టి లాగ్ షీటు పైన ఏ కోడో మొదటే రాయాలి. జవాబు మొత్తం ఎత్తి రాయాల్సిన పని లేదు. మొదటి నాలుగు మాటలు, చివరి నాలుగు మాటలు, మధ్యలో విషయం, పక్కన బాగుందో లేదో ఒక గుర్తు చాలు. చివరి మాటలు ఎందుకంటే కోత పడేది అక్కడే. గొంతు దిగిందా, ఇంకా పైకే ఉందా కూడా రాస్తే ఎడిటర్ మీ పేరు గుర్తుపెట్టుకుంటాడు.

ఇవాళ ఈ దారిలో మొదటి మెట్టు ప్రొడక్షన్ అసిస్టెంట్. ఫిల్మ్ లేదు, సంచి లేదు. కాల్ షీటు (ఆ రోజు ఎవరు ఎప్పుడు ఎక్కడికి రావాలో రాసిన కాగితం), వాకీటాకీ, రోజుకి 12 గంటలు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు అడుగుతుంటారు కాబట్టి, ఎక్కువ మంది దెబ్బతినే ఒక్క పని చెబుతాను, పెట్టీ క్యాష్, అంటే చిల్లర ఖర్చులకి ఇచ్చే డబ్బు లెక్క. కవరులో 200 డాలర్లు ఇచ్చారంటే, ఏ క్షణంలోనైనా రసీదుల మొత్తం, మిగిలిన నోట్లు కలిపితే 200 రావాలి. రసీదులు తెల్లకాగితం మీద వరసగా అంటించి నంబర్లు వేయాలి. సెల్లోటేపు అంకెల మీదుగా వేయొద్దు. థర్మల్ కాగితం మీద జిగురు తగిలితే అచ్చు కొన్ని వారాల్లో వెలిసిపోతుంది, అకౌంట్స్ వాళ్ల చేతికి ఖాళీ కాగితం వెళ్తుంది. టేపు అంచుల మీదే వేయండి, మొత్తాన్ని పక్కన పెన్నుతో మళ్లీ రాయండి, ఇంటికి వెళ్లేముందు ఫోటో తీసుకోండి. లెక్క రెండు డాలర్లు తగ్గినా ఆ సాయంత్రమే కోఆర్డినేటర్‌కి చెప్పండి.