మాటలు రాని పాపతో మాట్లాడితే ఏం లాభం?

ప్రశ్న: మా పాపకు ఎనిమిదో నెల. నిద్ర లేచిన దగ్గర్నుంచి తనకు ఏదో ఒకటి చెబుతూనే ఉంటాను. ‘దానికేం అర్థమవుతుంది?’ అంటున్నారు ఇంట్లో. పైగా నాదీ మావారిదీ వేర్వేరు మాతృభాషలు. రెండు భాషలు వింటే పాప ఆలోచన గందరగోళం అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మాట్లాడటం ఆపకండమ్మా. మీ పాపకు పలకడం రాలేదంతే, వినడం కడుపులో ఉన్నప్పుడే మొదలైంది. పుట్టి మూడు రోజులైనా కాని పసికందులు పరాయి గొంతుకంటే తల్లి గొంతునే ఇష్టపడతారని 1980లోనే ఒక అధ్యయనంలో తేలింది.

మాట రాకముందు ఆలోచన ఉండదనుకోవడం పొరపాటు. కొరియన్ భాషలో ఒక వస్తువు మరోదానిలో బిగుతుగా ఇమిడితే ఒక క్రియ వాడతారు, వదులుగా ఉంటే వేరేది. ఇంగ్లిష్‌లో ఆ పట్టింపు లేదు. అయినా ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని ఐదు నెలల పిల్లలు ఆ తేడాను గమనించారు. ఇంగ్లిష్ మాట్లాడే పెద్దవాళ్లు దాన్ని అంతగా పట్టించుకోలేదు. శబ్దాల సంగతీ అంతే. హిందీలోని ‘ట’, ‘త’ల తేడాను ఇంగ్లిష్ ఇళ్లలోని పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో గుర్తుపడతారు. ఏడాది నిండేసరికి చాలామందికి అది పోతుంది. భాష ఆలోచనను కొత్తగా పుట్టించదు, ఉన్నవాటిలో వేటిని పదును పెట్టుకోవాలో చూపిస్తుంది. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసులోనే ఉంది.

పేరు చేసే పని నాకు మరీ ముచ్చటగా అనిపిస్తుంది. మూడు, నాలుగు నెలల పిల్లలకు రకరకాల డైనోసార్ బొమ్మలు చూపిస్తూ మాటలు వినిపిస్తే, అవన్నీ ఒక జాతివని పట్టుకున్నారు. మాటల బదులు ‘బీప్’ లాంటి శబ్దం వినిపిస్తే పట్టుకోలేదు. మీరు తెల్లదాన్నీ నల్లదాన్నీ చూపించి రెండుసార్లూ ‘కుక్క’ అన్నారనుకోండి, రెండింటిలో ఒకేలా ఉన్నదేమిటో వెతకమని పాపకు చెప్పినట్టే.

అందుకే పాప దేనివైపు చూస్తోందో దాని పేరే చెప్పండి. చెప్పి కాసేపు ఆగండి. తను ఊకొట్టినా, చేయి ఊపినా అది జవాబే, దానికి మీరు బదులివ్వండి. ఫోన్‌లో వీడియో పెట్టి వదిలేస్తే ఈ పని జరగదు. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు మనిషి ఎదురుగా కూర్చుని చైనీస్‌లో ఆడిస్తూ మాట్లాడితే ఆ శబ్దాలు పట్టుబడ్డాయి, అవే వీడియోలో చూపిస్తే పట్టుబడలేదు.

రెండు భాషల గురించి బెంగ వద్దు. ఎవరికి ఏది హాయిగా వస్తే అందులో మాట్లాడండి. మొదట్లో ఒక్కో భాషలో మాటలు తక్కువనిపించవచ్చు, రెండూ కలిపి లెక్కపెట్టండి.

ఒక్కటి మాత్రం గమనించండి. ఈ వయసుకు పిలుపు వైపు తల తిప్పాలి, ‘బబబ’, ‘దదద’ అంటుండాలి. అలా లేకపోతే ‘కొందరికి ఆలస్యమవుతుందిలే’ అని ఆగకుండా వినికిడి పరీక్ష చేయించండి. పుట్టినప్పటి పరీక్ష బాగానే వచ్చినా సరే, ఇప్పుడు మళ్లీ చేయించాల్సిందే. పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోయినా, వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతున్నా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించండి.