పచ్చి తిండితో ఐరన్, కాల్షియం సరిపోతాయా? తిరుపతి నుంచి నా అనుభవం

చిత్తూరు నుంచి అడిగిన చెల్లెమ్మకు. కొన్నాళ్లుగా పొయ్యి మీద వండినవి మానేసి పండ్లు, పచ్చి కూరగాయలు, పాలకూర జ్యూస్, మొలకలతోనే గడుపుతున్నానని రాశారు. ఒళ్లు తేలికైంది కానీ జుట్టు రాలుతోందని, మేడ మెట్లెక్కితే ఆయాసం వస్తోందని అన్నారు. ఈ తిండితో ఖనిజాలు సరిపోతాయా, మాత్రలు లేకుండా కుదురుతుందా, నాలుగేళ్ల పాపకూ ఇదే పెట్టొచ్చా అని అడిగారు.

ముందు రక్త పరీక్ష చేయించుకోండి. ఆయాసం, జుట్టు రాలడం రెండూ కలిసి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది ఐరన్‌నే. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు, ఫెరిటిన్ కూడా రాయమని డాక్టర్ని అడగండి. ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంత ఉందో ఫెరిటిన్ చెబుతుంది. ముందు ఆ నిల్వ కరిగిపోతుంది, ఆ తర్వాతే హిమోగ్లోబిన్ పడుతుంది. పెద్దవాళ్లలో ఫెరిటిన్ 15 కంటే తక్కువుంటే ఐరన్ లోపం కిందే లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. దాంతోపాటు బి12, విటమిన్ డి, థైరాయిడ్ కూడా చూపించుకుంటే ఒకేసారి పని అయిపోతుంది.

నేను తిరుపతిలో ఉంటాను. మొదట్లో నేనూ పూర్తిగా పచ్చి తిండే తిన్నాను. ఇప్పుడు పగలంతా పచ్చివి, రాత్రికి ఒక్క పూట వండింది. అలిపిరి మెట్లదారిలో గాలిగోపురం దాకా పెద్దగా ఆగకుండా ఎక్కే అలవాటు నాకు. ఒక వేసవిలో పాతిక మెట్లకే గుండె దడదడలాడి కూర్చుండిపోయాను. పరీక్ష చేయిస్తే ఫెరిటిన్ 9. డాక్టరు ఐరన్ మాత్రలు రాసిచ్చారు. నిల్వ నిండేదాకా వేసుకున్నాను. ఆ తర్వాత తిండిని సర్దుకున్న తీరే ఇక్కడ రాస్తున్నాను.

అసలు సంగతి ఒక్కటే. పోషకాల పట్టికలో రాసి ఉన్నదంతా ఒంటికి పట్టదు. ఆకులో, గింజలో ఖనిజం ఎంత ఉందో చూసి సంబరపడతాం. అందులో పేగు ఎంత పీల్చుకుంటుందన్నది వేరే లెక్క. మీరు రోజూ తాగుతున్న పాలకూర జ్యూసే తీసుకోండి. పాలకూరలో కాల్షియం బాగానే ఉంటుంది, కానీ ఆ ఆకులోనే ఉండే ఆక్సలేట్లు అనే పదార్థాలు దాన్ని పట్టేసుకుని వదలవు. పాలల్లోని కాల్షియంలో దాదాపు 30 శాతం ఒంటికి పడితే, పాలకూరలోది 5 శాతం దగ్గరే ఆగిపోతుంది. పైగా పచ్చి ఆకు గ్లాసులకు గ్లాసులు తాగితే ఆ ఆక్సలేట్లు కిడ్నీలకు పోతాయి. రాళ్లు పడే తత్వం ఉన్నవాళ్లకు అది మరీ ప్రమాదం. ఆకును ఉడికించి నీళ్లు వంపేస్తే ఆక్సలేట్లు చాలావరకు ఆ నీళ్లతోనే పోతాయి. పచ్చిగా తాగేవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. అందుకే పాలకూర, తోటకూర జ్యూస్ ఈ రోజే ఆపేయండి. వాటి బదులు మెంతికూర, లేత ముల్లంగి ఆకు, క్యాబేజీ పచ్చిగా తినండి. వీటిలో ఆక్సలేట్లు తక్కువ.

మునగాకు గురించి కూడా అడుగుతారు కదా. మంచిదే, కాల్షియం ఎక్కువ, ఆక్సలేట్లు పాలకూరంత ఉండవు. కానీ పచ్చిగా ఎంత తినగలరు? లేత చిగుళ్లు దూసి కొబ్బరి తురుములో, నిమ్మరసంలో కలిపితే గుప్పెడు లోపలికి పోతుంది. అంతకు మించితే నాలుక ఒప్పుకోదు, కడుపూ ఒప్పుకోదు. గుప్పెడు మునగాకుతో రోజు కాల్షియం తీరదు.

భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పచ్చి తిండిలో నాకు అక్కరకొచ్చేది నువ్వులు. పొట్టుతో ఉన్న నువ్వుల్లో వంద గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఆ కాల్షియంలో ఎక్కువ భాగం పొట్టులోనే, అదీ ఆక్సలేట్‌తో ముడిపడి ఉంటుంది. పొట్టు తీసిన నువ్వుపప్పు రుచిగా ఉంటుంది కానీ కాల్షియం బాగా తగ్గిపోతుంది. నేను నల్లనువ్వులు రాత్రి నానేసి, పొద్దున నీళ్లు వంపేసి, రెండు ఖర్జూరాలు వేసి రోట్లో నూరుతాను. మిక్సీలో వేస్తే నూనె వదిలి చేదెక్కుతుంది. రోట్లో అయితే ముద్దగా, కమ్మగా వస్తుంది. 30 గ్రాముల నువ్వుల్లో పట్టిక ప్రకారం 300 పైనే వస్తుంది, ఒంటికి పట్టేది అందులో కొంతే. నమిలి మింగితే చాలని కొందరంటారు, చిన్న గింజ కాబట్టి చాలావరకు అలాగే బయటికి పోతుంది. నూరాల్సిందే.

ఇక రాగులు. మన చిత్తూరోళ్లకు సంగటి ముద్ద లేకుండా తిండి ఏముంటుంది! వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, ధాన్యాల్లో దీనికి సాటి లేదు. పచ్చి తిండి తినేవాళ్లు మొలకెత్తిన రాగులు రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీసి తాగుతారు. నేనూ చేశాను. తడి గుడ్డలో మూటకట్టి ఉంచితే రెండో రోజుకు సన్నటి తెల్లటి మొలక వస్తుంది, మూట విప్పితే తియ్యటి వాసన. మొలకెత్తడం మంచిదే, ఖనిజాలను కట్టిపడేసే ఫైటేట్ అనే పదార్థం తగ్గుతుంది. కానీ రాగుల్లో కాల్షియం ఎక్కువగా ఉండేది పైపొట్టులో. పాలు తీసుకుని పిప్పి పారేస్తే కాల్షియంలో మంచి భాగం చెట్ల పాదులోకి పోయినట్టే. పిప్పితో సహా పచ్చిగా తిందామంటే ఉడకని పిండి పదార్థం అరగక కడుపు ఉబ్బుతుంది. అందుకే రాగుల దగ్గర నేను పంతం వదిలేశాను. మొలకెత్తించి ఎండబెట్టి పట్టించిన పిండితో రాత్రి సంగటి కెలుక్కుంటాను. పచ్చి తిండి మీద నాకున్న నమ్మకం దాంతో తగ్గలేదు.

ఐరన్ విషయానికి వస్తే, అదే 2020 లెక్కల్లో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 19. నెలసరిలో పోయేది ఉంటుంది కాబట్టి మనకు ఎక్కువ. మొక్కల్లోని ఐరన్ ఒంటికి పట్టడం కష్టం. దాన్ని సులువు చేసేది విటమిన్ సి. అది పచ్చిగా తింటేనే బాగా దక్కుతుంది, వేడి తగిలితే చాలా పోతుంది. పచ్చి తిండి వల్ల మనకున్న పెద్ద లాభం ఇదే. ఉలవలు, పెసలు రాత్రి నానేసి మొలకెత్తించి, తినే ముందు సగం ఉసిరికాయ తురిమి కలపండి. ఉసిరి లేని కాలంలో జామకాయ, నిమ్మకాయ. విడిగా ఎప్పుడో తింటే పెద్దగా ఉపయోగం లేదు, అదే పళ్లెంలో ఉండాలి. ద్వాదశి పారణకు అవిసాకు కూరతో పాటు ఉసిరికాయ పెట్టే ఆచారం మన వైపు చాలా ఇళ్లలో ఉంది. ఆకులోని ఐరన్‌కు, ఉసిరిలోని పులుపుకు భలే జోడి కుదిరిందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

కాఫీ, టీ మానేశారో లేదో మీరు రాయలేదు. వండినవి మానేసి కూడా పొద్దున కాఫీ వదలని వాళ్లు నాకు చాలామంది తెలుసు. మొలకలు తింటూ టీ తాగితే ఐరన్ ఒంటికి పట్టడం సగానికి పైగా తగ్గుతుంది. తిండికి ముందు, తర్వాత గంటన్నర ఎడం ఉంచండి.

జింకుకు గుమ్మడి గింజలు. సంక్రాంతికి కోసిన గుమ్మడికాయ గింజలు పారేయకుండా కడిగి నీడలో ఆరబెడితే కొన్ని వారాలకు వస్తాయి. చెనక్కాయలూ సరే, నానబెట్టి తినండి. బూజు వాసన వచ్చినవి, ముడుచుకుపోయినవి మాత్రం ఏరి పారేయండి, వాటిలో లివర్‌ను పాడుచేసే విషం ఉంటుంది. మెగ్నీషియం, పొటాషియం గురించి టెన్షన్ అక్కర్లేదు, ఇన్ని ఆకులు, గింజలు, అరటిపండ్లు తినేవాళ్లకు వాటి కొరత సాధారణంగా రాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. చలికాలం రాగానే మన ఊళ్లల్లో అనపకాయలు దిగుతాయి. నానేసి పితికి పప్పు తీస్తాం కదా, ఎలాగూ నానాయి, మెత్తగా ఉన్నాయి అని మొలకల గిన్నెలో వేయకండి. అనపగింజల్లో సైనైడ్ విడుదల చేసే పదార్థాలు ఉంటాయి, బాగా ఉడికితేనే పోతాయి. రాజ్మా కూడా పచ్చిగా తినకూడదు, నాలుగైదు గింజలకే వాంతులు పట్టుకోవచ్చు. పితికిపప్పు కూర మీద మనసైతే వండుకునే తినండి.

మాత్రలు లేకుండా కుదురుతుందా అన్నారు. రెండు విషయాల్లో పచ్చి తిండి ఒక్కటే చాలదు, దాచిపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒకటి బి12. ఇది ఖనిజం కాదు కానీ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఏ ఆకులోనూ, ఏ పండులోనూ ఇది దొరకదు. స్పిరులినా అనే నాచు పొడిలో ఉందని అమ్ముతారు, అందులో ఎక్కువగా ఉండేది మన ఒంటికి పనికిరాని రకం. పాలు, పెరుగు కూడా మానేశారు కాబట్టి బి12 మాత్ర తప్పదు. అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు మొదలయ్యాక వేసుకుందాం అనుకోవద్దు, నరాలకు పట్టిన దెబ్బ పూర్తిగా మానకపోవచ్చు.

రెండోది అయోడిన్. పచ్చి తిండితో పాటు ఉప్పు కూడా మానేసే వాళ్లు ఎక్కువ. లేదా మామూలు ఉప్పు చెడ్డదని సైంధవ లవణం కొంటారు. అయోడిన్ కలపని సైంధవ లవణంలో అది దాదాపు ఉండనే ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు సుమారు 150 మైక్రోగ్రాములు కావాలి. కొనే దగ్గర అయోడైజ్డ్ ఉప్పు కిలోలో కనీసం 15 మిల్లీగ్రాములు ఉండాలని మన దేశంలో నిబంధన. అంటే 5 గ్రాముల ఉప్పులో 75 మైక్రోగ్రాములు. వండేటప్పుడు కొంత ఎగిరిపోతుంది, మీరు కీరా ముక్కల మీద చల్లుకుంటే ఏమీ పోదు. చిటికెడైనా అయోడిన్ ఉప్పు వాడండి. డాక్టరు వద్దంటే ఆయన చెప్పినట్టు చేయండి, కానీ థైరాయిడ్ పరీక్ష మాత్రం వదలొద్దు.

నీళ్ల గురించి కూడా ఒక మాట. తిరుపతిలో బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది, అది కాల్షియం, మెగ్నీషియమే. ఆర్‌ఓ మిషను ఆ రెండింటినీ దాదాపు మొత్తం తీసేస్తుంది. అలాగని బోరు నీళ్లు తాగమనడం లేదు, వాటిలో ఇంకేమేం ఉంటాయో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. నీళ్ల నుంచి మీకు కాల్షియం వస్తోందని లెక్క వేసుకోవద్దని మాత్రమే.

నెలసరి సంగతి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఆలస్యమవుతోందా, ఆగిందా? జర్మనీలో చాలాకాలం పచ్చి తిండి తిన్నవాళ్ల మీద 1999లో ఒక పరిశోధన ప్రచురించారు. 45 ఏళ్ల లోపు ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మందికి నెలసరి తప్పడమో, ఆగడమో జరిగింది. ఎంత పచ్చిగా తింటే, బరువు ఎంత తగ్గితే అంత ఎక్కువ. అమెరికాలో 2005లో వచ్చిన ఇంకో పరిశోధనలో, ఏళ్ల తరబడి పచ్చి తిండి తిన్న 18 మందికి ఎముకల సాంద్రత తక్కువగా కనిపించింది. నెలసరి ఆగితే ఎముక కూడా పలచబడుతుంది, ఎన్ని నువ్వులు నూరినా ఆ లోటు తీరదు. మీ బరువు ఇంకా తగ్గుతూ ఉంటే ముందు అది ఆపండి. కొబ్బరి, చెనక్కాయలు, ఖర్జూరం, అరటి పెంచండి, ఒక పూట వండినది చేర్చండి.

ఇక పాప. పాపకు ఇది వద్దు చెల్లీ. నాలుగేళ్ల పిల్ల పొట్ట చిన్నది. పచ్చి కూరగాయల్లో నీళ్లు, పీచు ఎక్కువ, నాలుగు ముక్కలకే కడుపు నిండిపోతుంది, బలం మాత్రం రాదు. ఆ వయసుకు రోజుకు 11 మిల్లీగ్రాముల ఐరన్, 550 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాపకు మెత్తటి రాగి సంగటి, పప్పు, నెయ్యి, పెరుగు, మీ ఇంట్లో తింటే గుడ్డు పెట్టండి. మీ అత్తమ్మ పాపకు వేరే వండి పెడతానంటే వండనివ్వండి. పండ్లు, ఉసిరి తొక్కు, కీరా ముక్కలు మీ పళ్లెంలోంచి పంచుకోండి, అవి ఇద్దరికీ మంచివే. మీ రిపోర్టులు వచ్చాక ఫెరిటిన్, బి12 ఎంతున్నాయో ఇక్కడే రాయండి, చూసి చెబుతాను. ఫెరిటిన్ 15 కన్నా తక్కువ వస్తే మాత్రం నా జవాబు కోసం ఆగకుండా డాక్టరు రాసిన మాత్రలు మొదలుపెట్టేయండి.