డైరీ రాయాలనుకుంటున్న మా కోడలు పిల్లకి

కోడలు పిల్లా,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగింది అప్పటి నుంచీ నా మనసులోనే ఉంది. "మూడుసార్లు మొదలుపెట్టాను అత్తయ్యా, పది రోజులు కూడా నిలవలేదు. నువ్వు ఇన్నేళ్లు ఎలా రాశావు?" అన్నావు. ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేయడం ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నా.

ముందు ఆ తేదీలు అచ్చేసిన డైరీని పక్కన పెట్టెయ్. రోజుకి ఒక పేజీ అని లెక్కగట్టి ఇచ్చే డైరీలు కొత్తగా రాసేవాళ్లకి మేలు చెయ్యవని నా నమ్మకం. నాలుగు రోజులు రాయకపోతే నాలుగు ఖాళీ పేజీలు ఎదురుగా కనిపిస్తాయి. ఐదో రోజు పుస్తకం తెరవాలంటేనే ఏదో తప్పు చేసినట్టు అనిపిస్తుంది. మామూలు రూళ్ల నోట్‌బుక్ కొనుక్కో. తేదీ, వారం నువ్వే వేసుకో. రాయడం అయిపోయిన చోట ఒక గీత గీసెయ్. మళ్లీ ఎప్పుడు రాస్తే అప్పుడు ఆ గీత కింద మొదలుపెట్టు. ఒకరోజు రెండు లైన్లే రావచ్చు, ఇంకోరోజు మూడు పేజీలు పట్టొచ్చు.

నాకు ఇది అబ్బింది మీ తాతయ్య దగ్గరే. ఆయన దాన్ని డైరీ అని ఎప్పుడూ అనలేదు. అది పద్దుల పుస్తకం. పొడుగ్గా, ఎర్ర అట్టతో ఉండేది. పాలు, కూలీలు, ఎరువు బస్తాలు, కిరసనాయిలు, అన్నీ అందులోనే. లెక్క కింద చోటు మిగిలితే ఒక మాట రాసేవారు. "గేదె ఈనింది. పెయ్య." "పడమట మబ్బు పట్టింది, చినుకు లేదు." అంతే. ఆయన పోయాక ఆ పుస్తకాలన్నీ నేను తెచ్చుకున్నా. 1977 పుస్తకంలో నవంబర్ 19, శనివారం, దివిసీమ ఉప్పెన వచ్చిన రోజు. మనది తెనాలి వైపు కాబట్టి సముద్రం మన దాకా రాలేదు గానీ, ఆ గాలి హోరు నాకింకా గుర్తుంది. ఆ పేజీలో "పొద్దుటి నుంచి గాలి. దూడని ఇంట్లోకి తెచ్చి కట్టాం" అని ఉంది. ఆ తర్వాత ఆరు రోజులు ఏమీ లేదు. ఏడో రోజున "పెంకులు 400. మేకులు అర కేజీ. కిరసనాయిలు దొరకలేదు." మధ్యలో ఏమైందో ఆ ఖాళీయే చెబుతోంది. రాయని రోజులు కూడా నీ పుస్తకంలో భాగమే. వాటికి పుస్తకం దగ్గర సంజాయిషీ చెప్పుకోకు, పాత రోజులవి కూర్చుని పూరించకు. ఇవాళ్టిది రాయి, చాలు.

నా పెళ్లి 1979లో. ఆ పేజీల నిండా అరిటాకులు, మేళం, వంటవాళ్లు, పందిరి ఖర్చులే. నన్ను అత్తారింటికి పంపిన మర్నాడు "పెట్రోమాక్స్ లైట్లు తిరిగి ఇచ్చేశాం" అని రాసి, దాని కింద రెండే మాటలు రాశారు. "ఇల్లు చిన్నబోయింది." అప్పగింతల్లో ఒక్క చుక్క కన్నీరు పెట్టని మనిషి! ఇన్నేళ్ల తర్వాత ఆ పేజీ చదివి, పుస్తకం ఒళ్లో పెట్టుకుని చాలాసేపు అలా కూర్చుండిపోయాను.

అందుకే మామూలు రోజుల్లో మనసులో ఏముందో రాయాలని తంటాలు పడకు. ఏం జరిగిందో రాయి. మనసు తనే వచ్చి ఆ లెక్క కింద చేరుతుంది. "ఈరోజు చాలా టెన్షన్‌గా గడిచింది" అని రాస్తే ఆరు నెలల తర్వాత నీకే ఏమీ గుర్తురాదు. "నా వంతు వచ్చేదాకా వాటర్ బాటిల్ మూత తిప్పుతూనే ఉన్నా. మూత కింద పడి దొర్లింది. ఎవరూ తలెత్తలేదు" అని రాసుకుంటే ఆ గది మొత్తం మళ్లీ కళ్లముందుకి వస్తుంది. వస్తువుల పేర్లు రాయి. ధరలు రాయి. ఎవరేమన్నారో వాళ్ల మాటల్లోనే రాయి. మీ అమ్మ ఫోన్‌లో రోజూ అనే మాట ఇప్పుడు నీకు మామూలే. నేను మా అమ్మ మాటలు రాసుకోలేదు. బియ్యం చెరుగుతూ తనలో తనే ఏదో పాడుకునేది. వరస గుర్తుంది, ఒక్క చరణం కూడా గుర్తులేదు. ఆ బాధ నీకు వద్దు.

ఊరు కదిలినప్పుడు మాత్రం తప్పకుండా రాయి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబర్‌లో తిరిగొచ్చారు. మజిలీ ఎక్కడ, దారి ఎలా ఉంది, ఆ ఊళ్లో ఏమేం దొరుకుతాయి అన్నవి ఎప్పటికప్పుడు రాసిపెట్టారు. ఆయన కోర్టులో దుబాసీ పని, అంటే ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలోకి మార్చి చెప్పే పని, చేసినవారు. ఆ రాతే 'కాశీయాత్ర చరిత్ర' అయింది. నువ్వు ఇప్పుడుంటున్న హైదరాబాద్ కూడా అందులో ఉంది. వీలు చూసుకుని చదువు.

ఎప్పుడు రాయాలని అడిగావు కదా. ఎలాగూ రోజూ చేసే పని ఒకటి చూసుకుని దాని వెనకాలే పెట్టుకో. నేను రాత్రి పాలు తోడుపెట్టి మూత పెట్టాక పుస్తకం తీస్తాను. నువ్వు ఫోన్ చార్జింగ్‌కి పెట్టాక తియ్యి. ఆ ఫోన్ మాత్రం చేతికందని మూల పెట్టు. ఫోన్‌లోనే రాసుకోవచ్చు కదా అంటావేమో. రాసుకోవచ్చు, కానీ రాస్తుండగానే మెసేజ్ వస్తుంది, నీ ధ్యాస అటు పోతుంది. బాల్‌పెన్నుతో రాయి. జెల్ ఇంకు తడి తగిలితే అలుక్కుపోతుంది, నా ఒక పుస్తకం సగం అలాగే పోయింది.

దుఃఖం సంగతి వేరు. మీ మామయ్య పోయిన ఏడాది నేను ఏం జరిగిందో రాయలేదు. ఏం అనిపించిందో అదే రాశాను, కోపం కూడా. రాసిన రాత్రి నిద్ర పట్టేది కాదు, అయినా మానలేదు. అమెరికాలో జేమ్స్ పెన్‌బేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో కొందరు కాలేజీ విద్యార్థుల చేత, బాగా బాధపెట్టిన సంగతుల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున రాయించారట. రాయగానే వాళ్లకి బాధ ఎక్కువైంది. కానీ జరిగినదాన్నీ, దాని వల్ల పడిన బాధనూ కలిపి రాసినవాళ్లు, తర్వాతి నెలల్లో మామూలు విషయాలు రాసినవాళ్ల కంటే తక్కువసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లారు. చాలా ఏళ్ల తర్వాత ఈ సంగతి చదివినప్పుడు నా ఆ రాత్రులు గుర్తొచ్చాయి. రాసేకొద్దీ బరువు మరీ పెరుగుతుంటే మాత్రం ఆపెయ్. నాకు ఫోన్ చెయ్, ఎంత రాత్రైనా సరే.

రూమ్‌లో ఇంకో ఇద్దరున్నారు, చదివేస్తారేమో అని భయపడకు. ఎవరి కంటా పడకూడదనిపించినవి విడి కాగితం మీద రాసి చింపెయ్. నేనూ చాలా చింపాను. చింపినా, రాసినప్పుడు తేలికపడిన మనసు తేలికపడినట్టే.

మొదటి మూడు నెలలు వెనక్కి తిప్పి చదవకు. దిద్దాలనిపిస్తుంది, ఇదేం రాత అనిపిస్తుంది. ఆ తర్వాత చదువుకో. నేను ఏటా ఉగాది మధ్యాహ్నం, భోజనాలయ్యాక, కిందటేడాది పుస్తకం తీసి కూర్చుంటాను. ఆ పూట నన్ను ఎవరూ కదిలించరు.

మీ నాన్న వచ్చే వారం అక్కడికి వస్తున్నాడు కదా, ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చి పంపుతున్నా. మొదటి పేజీ నేను ముట్టుకోలేదు. సంక్రాంతికి రా, తాతయ్య పుస్తకాలు అటక మీంచి దింపుదాం. 1977 పుస్తకంలో ఆ పెంకుల లెక్క పక్కన పెన్సిల్‌తో ఏదో పేరు రాసి కొట్టేసి ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆనలేదు. నీ కళ్లు మంచివి, నువ్వు చదివి పెట్టాలి.

ప్రేమతో,
మీ అత్తయ్య