మండే ప్లాస్మా యంత్రం గీసే ముందు

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త టోకమాక్ (ప్లాస్మాను, అంటే విపరీతంగా వేడెక్కిన వాయువును, అయస్కాంతాలతో బంధించే ఫ్యూజన్ యంత్రం) డిజైన్ బృందంలోకి నిన్ను తీసుకున్నారని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషమైంది. సైజెంత, అయస్కాంతాలెన్ని అనే లెక్కల్లోకి దిగకముందే ఒక ప్రశ్న తేల్చుకోండి: ప్లాస్మాను ప్రధానంగా వేడి చేసేది మీ హీటర్లా, ఆల్ఫా కణాలా?

హైడ్రోజన్ రూపాలైన డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే ఒక ఆల్ఫా కణం (హీలియం కేంద్రకం), ఒక న్యూట్రాన్ వస్తాయి. పుట్టే శక్తిలో ఐదో వంతే ఆల్ఫాది. మిగతాదంతా న్యూట్రాన్ పట్టుకుపోతుంది. 1997లో ఇంగ్లండ్‌లోని జెట్ అనే టోకమాక్ 16 మెగావాట్ల ఫ్యూజన్ శక్తి తీసింది, బయటినుంచి పెట్టిన వేడి 24 మెగావాట్లు. ఆ పదహారులో ఆల్ఫాల వాటా మూడు మెగావాట్ల పైచిలుకే. గొప్ప పనే, కానీ పెత్తనం హీటర్లదే. పెట్టినదానికి ఐదింతలు వస్తేనే ఆల్ఫాల వేడి మన వేడికి సమానం, మండే ప్లాస్మా అనేది అక్కడినుంచే. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ టోకమాక్ లక్ష్యం పదింతలు, అంటే మూడింట రెండు వంతుల వేడి ఆల్ఫాలదే. బడ్జెట్ ఒత్తిడి ఎంతొచ్చినా ఐదుకు కిందికి దిగొద్దు. దిగితే మీరు కట్టేది వేరే యంత్రం.

అయస్కాంత క్షేత్రం పెంచితే యంత్రం చిన్నదవుతుంది, నిజమే. ఈటర్‌ది 5.3 టెస్లా, 6.2 మీటర్ల పెద్ద వ్యాసార్ధం, అమెరికాలోని స్పార్క్ టోకమాక్‌ది 12.2 టెస్లా, 1.85 మీటర్లు. కానీ అయస్కాంత పీడనం క్షేత్రపు వర్గంతో పెరుగుతుంది, ఇక్కడ ఐదు రెట్లకు పైమాటే. డైవర్టర్ (ప్లాస్మా వదిలే వేడినీ వ్యర్థాన్నీ పట్టే భాగం) మీద పడే వేడి కూడా ఇరుకు చోట పోగవుతుంది. ఈ రెండు లెక్కలూ మొదటి నెలలోనే చేయించు.

అన్నిటికన్నా నేను గట్టిగా చెప్పేది మరమ్మతు గురించి. ట్రిటియంతో జోరుగా నడిపాక రేడియేషన్ వల్ల లోపలికి మనిషి వెళ్లే వీలుండదు. జెట్ వాళ్లు 1998లో డైవర్టర్‌ను రోబో చేతులతోనే మార్చారు. కాబట్టి నీ డ్రాయింగులో ప్రతి బోల్టు దగ్గరా ఆగు. రోబో చేయి అక్కడిదాకా వస్తుందా? స్పానర్ తిరిగేంత చోటుందా? నట్టు జారితే ఎక్కడ పడుతుంది, దాన్ని తీసేదెలా? వీలైనచోట ఊడి పడని బోల్టులే పెట్టు. ఒక సెక్టారుకు పూర్తి సైజు చెక్క నమూనా చేయించి, కెమెరాలో మాత్రమే చూస్తూ విప్పించు. కంప్యూటర్ తెరమీద కనబడని ఇరుకు అక్కడ బయటపడుతుంది.

పోర్టులు, అంటే యంత్రం లోపలికి తెరిచే ద్వారాలు, పంచుకునేటప్పుడు హీటింగ్ వాళ్లే ముందుంటారు. తప్పించుకుపోయే ఆల్ఫాలను పట్టే డిటెక్టర్లకూ, గామా కెమెరాలకూ అప్పుడే చోటు అడుగు. మండే ప్లాస్మాను కట్టి, దాన్ని కొలవలేకపోతే కట్టీ ప్రయోజనం లేదు. పోర్టుల పట్టిక తయారైతే నాకు పంపు తల్లీ, కూర్చుని చూస్తాను.

మీ మామయ్య