పేస్‌మేకర్ ఉంటే పులిపిర్లు కాల్చవచ్చా?

ప్రశ్న: డాక్టరుగారూ, మా నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది. మెడ మీది పులిపిర్లను కరెంటుతో కాల్చేస్తామంటున్నారు. గుండెకేమైనా అవుతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మిషన్ ఏదో అడగండమ్మా. ఎర్రగా కాలిన తీగతో మాడ్చేదైతే ఒంట్లోకి కరెంటే పోదు, బెంగ లేదు. పట్టకారు మొనల మధ్యే కరెంటు తిరిగే బైపోలార్ కూడా దాదాపు అంతే. చిక్కల్లా మోనోపోలార్‌తోనే. అందులో కరెంటు ఒంట్లోంచి ప్రవహించి, ఒంటికి అంటించిన ప్లేటుకు చేరుతుంది. దాన్ని గుండె స్పందనగా పొరబడి పేస్‌మేకర్ కాసేపు తన పని ఆపేయవచ్చు. అదే ఐసీడీ (గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాకిచ్చి సరిచేసే పరికరం) అయితే షాకే కొట్టొచ్చు! మెడ మరీ దగ్గర కనుక నేనైతే మోనోపోలార్ ముట్టను. అయినా తొడిమతో వేలాడే చిన్న పులిపిర్లకు కరెంటెందుకు, కత్తెర చాలదూ? పేస్‌మేకర్ కార్డు మాత్రం వెంట తీసుకెళ్లి ముందే చూపించండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే అదీ చెప్పండి.