సోలార్ పెట్టించాలా? ముందు పన్నెండు నెలల బిల్లులు బయటికి తీయండి

ప్రశ్న: హనుమకొండలో మాకు సొంత ఇల్లుంది. కింద మేం ఉంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. వాళ్లకు వేరే మీటరు. మా మీటరు మీద మార్చి నుంచి జూన్ దాకా నెలకు 440 యూనిట్లు, జూలై నుంచి అక్టోబర్ దాకా 280, చలికాలం నాలుగు నెలలు 190 చొప్పున కాలుతున్నాయి. 5 కిలోవాట్ల సోలార్ పెట్టిస్తే రెండు పోర్షన్లకూ సున్నా బిల్లేనని ఓ కంపెనీ వాళ్లు చెప్పారు. ఖర్చు 3.2 లక్షలు, అందులో 78 వేలు సబ్సిడీ వస్తుందట. నాకు ఎఫ్‌డీలో 3.5 లక్షలున్నాయి. అవి తీసి పెట్టించమంటారా? కరెంటు బిల్లు ఇప్పటికీ కాలం చేసిన మా నాన్నగారి పేరు మీదే వస్తోంది. – ఒక ఉపాధ్యాయుడు

జవాబు: పెట్టించండి మాస్టారూ. అయితే మీకు 5 కిలోవాట్లు అక్కర్లేదు. ఇప్పుడున్న వాడకానికి 2 చాలు. రెండు మూడేళ్లలో ఇంకో ఏసీయో, ఎలక్ట్రిక్ స్కూటరో కొనే ఆలోచన గట్టిగా ఉంటే 3 పెట్టించుకోండి. ఎఫ్‌డీ మొత్తం కదిలించాల్సిన పని లేదు.

5 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీ ఉత్తరంలోనే ఉంది: కంపెనీ వాళ్లు రెండు మీటర్లనూ కలిపేశారు. సోలార్ ఏ సర్వీసు నంబరుకు కడితే ఆ బిల్లే తగ్గుతుంది. మీ డాబా మీది కరెంటు అద్దెవాళ్ల మీటరులో జమ కాదు. వాళ్లకు తెల్ల రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి వర్తిస్తుంటే 200 యూనిట్ల దాకా ఎలాగూ సున్నా బిల్లే. కాబట్టి వాళ్లను ఈ లెక్కలోంచి తీసేయండి.

ఇక మీ మీటరు. తెలంగాణలో నెల వాడకం 200 యూనిట్లు దాటిందంటే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. 100 లోపైతే రేటు ఇంకా తక్కువ. 100 దాటి 200 లోపైతే మొదటి వందకు రూ. 3.40, రెండో వందకు రూ. 4.80. దాటితే మొదటి 200కీ రూ. 5.10, ఆపైన 300 దాకా రూ. 7.70, 400 దాకా రూ. 9, తర్వాత రూ. 9.50. అంటే 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ (కాల్చిన యూనిట్లకు పడే డబ్బు) రూ. 820 అయితే, 201 యూనిట్లకు దాదాపు రూ. 1,028. ఒక్క యూనిట్‌కు రెండు వందల పైచిలుకు తేడా! నెట్ మీటరింగ్‌లో మీరు గ్రిడ్ నుంచి తీసుకున్న యూనిట్లలోంచి పంపిన యూనిట్లు పోగా మిగిలిన వాటికే బిల్లు, శ్లాబూ వాటికే. అందుకే మొదటి కిలోవాట్ కోసే యూనిట్లు ఖరీదైనవి, మూడోది కోసేవి చవకవి.

మన దగ్గర నీడ పడని డాబా మీద కిలోవాట్‌కు నెలకు ఎండాకాలం సుమారు 130, వానాకాలం 100, చలికాలం 120 యూనిట్లు లెక్కవేసుకోవచ్చు. ఏడాదికి 1,400. (ఎండ మండే మే నెలలో ఎక్కువ వస్తుందనుకుంటారు గానీ, ప్యానెల్ వేడెక్కే కొద్దీ ఉత్పత్తి పడిపోతుంది. మార్చి, ఏప్రిల్ నెలలకంటే మే పెద్దగా మెరుగు కాదు.) ఇప్పుడు మీ ఎనర్జీ చార్జీలు ఏడాదికి రూ. 21,900 దాకా అవుతున్నాయి. 1 కిలోవాట్ పెడితే అది రూ. 11,050కి దిగుతుంది. రెండోది కలిపితే రూ. 3,660కి. మూడోది కలిపితే రూ. 390కి. తేడాలు చూడండి: మొదటి కిలోవాట్ ఏటా రూ. 10,850 మిగిల్చింది, రెండోది రూ. 7,400, మూడోది రూ. 3,270 మాత్రమే. మూడో దాని దగ్గర నుంచి చాలా యూనిట్లు మిగులు కింద పోతాయి. ఆ మిగులు తర్వాతి నెలలకు జమవుతుంది. లెక్క తేల్చే నాటికి ఇంకా మిగిలిన దానికి డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) ఇచ్చేది తాను కరెంటు కొనే సగటు ధరే గానీ మీరు కట్టే తొమ్మిది రూపాయలు కాదు.

ఖర్చు వైపుకు వద్దాం. పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు రూ. 30 వేలు, మూడో దానికి రూ. 18 వేలు సబ్సిడీ. 3 దాటాక ఎంత పెట్టినా రూ. 78 వేలే. లెక్క కోసం 2 కిలోవాట్లకు 1.4 లక్షలు, 3కి 1.95 లక్షలు అనుకుందాం. మీ కొటేషన్లో అంకె వేరైతే అది పెట్టి చూసుకోండి. సబ్సిడీ పోను 2 కిలోవాట్లకు మీ చేతి డబ్బు రూ. 80 వేలు, ఏటా ఆదా రూ. 18,250. నాలుగున్నరేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుంది. మూడో కిలోవాట్‌కు అదనంగా రూ. 37 వేలు. మిగులు యూనిట్‌కు 4 రూపాయలు వస్తాయనుకున్నా అది ఏటా రూ. 5,500 తెస్తుంది, అంటే దాదాపు ఏడేళ్లు. నాలుగు, ఐదు కిలోవాట్లకు పడే 1.25 లక్షలు ఇదే లెక్కన వెనక్కి రావడానికి పదకొండేళ్లు దాటుతుంది. వాటికి సబ్సిడీ కూడా లేదు.

ఎఫ్‌డీతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. ఎఫ్‌డీలో అసలు చివర్లో తిరిగొస్తుంది, ప్యానెళ్లలో రాదు. కాబట్టి "18 వేలు బై 80 వేలు, 22 శాతం" అని లెక్కగట్టి సంబరపడొద్దు. ప్యానెళ్ల ఉత్పత్తి ఏటా అర శాతం చొప్పున తగ్గుతుంది, పది పన్నెండేళ్లకు సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీ కరెంటుగా మార్చే పెట్టె) మార్చాల్సి వస్తుంది. దానికీ కడుగుడుకూ ఏటా రూ. 2,500 పక్కన పెట్టండి. అవన్నీ తీసేసి ఇరవై ఏళ్లకు లెక్కేసినా 2 కిలోవాట్ల మీద ఏటా 15 శాతం పైనే గిట్టుబాటు. పైగా తగ్గిన బిల్లు ఆదాయం కిందికి రాదు, పన్ను లేదు. అదే రూ. 80 వేలకు ఆరున్నర శాతం ఎఫ్‌డీ వడ్డీ రూ. 5,200, మీరు 20 శాతం పన్ను శ్లాబులో ఉంటే చేతికొచ్చేది రూ. 4,200 లోపే. పోలిక స్పష్టంగానే ఉంది.

అయితే సబ్సిడీ ముందుగా రాదు. మొత్తం 1.4 లక్షలు మీరు కట్టాక, నెట్ మీటరు బిగించి, కమిషనింగ్ రిపోర్టు (సోలార్ పనిచేస్తోందన్న ధ్రువీకరణ) పథకం పోర్టల్‌లోకి ఎక్కాక, మీ ఖాతాలోనే పడుతుంది. ఎఫ్‌డీలో కొంతభాగం తెంచితే చాలు, మిగతా రెండు లక్షలు అత్యవసరానికి అలాగే ఉండనివ్వండి. ఎఫ్‌డీ ముట్టుకోవడం ఇష్టం లేకపోతే 3 కిలోవాట్ల దాకా ఈ పథకం కింద తాకట్టు లేని బ్యాంకు రుణం ఉంది. రెపో రేటుకు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే రేటు) అర శాతం పైన వడ్డీ. సబ్సిడీ పడిన రోజే దాన్ని అసలుకు కట్టేయండి. ఖాతాలో ఉంటే ఖర్చయిపోతుంది.

మీ విషయంలో అసలు అడ్డంకి నాన్నగారి పేరు. దరఖాస్తు పెట్టే మనిషి, సర్వీసు ఎవరి పేరున ఉందో ఆ మనిషి, సబ్సిడీ పడే ఖాతాదారు ఒక్కరే కావాలి. ఇది సరిచేయకుండా కంపెనీకి అడ్వాన్సు ఇస్తే ప్యానెళ్లు డాబా మీదుంటాయి, సబ్సిడీ మాత్రం ఆగిపోతుంది. మరణ ధ్రువపత్రం, ఇంటి కాగితాలు, మిగతా వారసుల అంగీకారంతో ముందు మీ డిస్కమ్ అయిన టీజీఎన్‌పీడీసీఎల్‌లో పేరు మార్పించుకోండి. మంజూరైన లోడు (మీ మీటరుకు అనుమతించిన కిలోవాట్లు) ఎంతుందో కూడా అప్పుడే చూడండి.

కొటేషన్ కనీసం మూడు చోట్ల తీసుకోండి, ముగ్గురూ పోర్టల్‌లో నమోదైన వెండర్లే కావాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సోలార్ పరికరాలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. 70 శాతం సరుకు, 30 శాతం సర్వీసుగా లెక్కిస్తే మొత్తం మీద 8.9 శాతం పడుతుంది. పాత 13.8 వేసి ఉంటే అడగండి. ప్యానెళ్లు డీసీఆర్ రకానివి, అంటే సెల్ కూడా మన దేశంలో తయారైనవి అయితేనే సబ్సిడీ. బిగించే రోజున ప్యానెల్ వెనక సీరియల్ నంబర్లను సర్టిఫికెట్‌తో సరిచూసి ఫోటో తీసుకోండి. ఆఖరి పది శాతం డబ్బు నెట్ మీటరు పెట్టాకే ఇస్తామని కాగితం మీద రాయించుకోండి.

540 వాట్లవి నాలుగు ప్యానెళ్లు సరిపోతాయి, 200 చదరపు అడుగుల జాగా చాలు. దక్షిణ ముఖంగా, మెట్ల గది నీడా నీళ్ల ట్యాంకు నీడా పడనిచోట. ప్యానెళ్లు వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కదాని మీద పడ్డ నీడ మొత్తం ఉత్పత్తిని దెబ్బతీస్తుంది. ఉదయం 9కి, మధ్యాహ్నం 3కి డాబా ఎక్కి చూడండి. డిసెంబర్‌లో నీడ ఇంకా పొడుగని గుర్తుపెట్టుకోండి. శ్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు దిగ్గొడితే రెండో వానకే నెమ్ము దిగుతుంది, కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టమనండి. ఏసీ కరెంటు వైపుకు, డీసీ కరెంటు వైపుకు, పిడుగు నిరోధకానికి మూడు వేర్వేరు ఎర్తింగ్ గుంతలు ఉండాలి. ఖర్చు తగ్గించడానికి చాలామంది కోత పెట్టేది ఇక్కడే.

కరెంటు పోయినప్పుడు ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనే ఆపేస్తుంది. మీ ఇంట్లో బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అమ్మేయకండి.

బిగించాక ఎండ బాగా ఉన్న రోజు ఇన్వర్టర్ యాప్‌లో 8 యూనిట్లు కనిపించాలి. వారం పాటు 6 దాటకపోతే ముందు దుమ్ము చూడండి, తర్వాత వెండర్‌ను పిలవండి. ఐదేళ్ల నిర్వహణ బాధ్యత అతనిదే. పదిహేను రోజులకోసారి పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు కడగాలి. బోరు నీళ్లు ఉప్పువైతే ఆరనివ్వకుండా తుడిచేయండి, లేకపోతే తెల్లటి చారలు గట్టిపడి పోనే పోవు.